రేచీకటి పిల్లలకు జన్యుపరీక్ష తిరుపతిలోనే అందాలి



వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణతకు జన్యుచికిత్స ఉందన్న వార్త తిరుపతి, చిత్తూరు జిల్లాల కుటుంబాల్లో ఆశ రేపడం సహజమే గాని, ఆ చికిత్సకు ముందే అందవలసినది జన్యుపరీక్ష అని ప్రభుత్వం గుర్తించాలి.

కంటి వెనుక పొర అయిన రెటీనాలో, కాంతి సోకగానే విటమిన్-ఎ రూపం మారిపోతుంది. దాన్ని తిరిగి పనికివచ్చే రూపానికి తెచ్చే ఎంజైమును ఆర్‌పీఈ65 అనే జన్యువు తయారుచేయిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ ఆ జన్యువు చెడితే, ఒంట్లో విటమిన్-ఎకు కొదవ లేకపోయినా చూపు నిలవదు. పొద్దుగూకగానే గడప తట్టుకుని పడే బిడ్డకు విటమిన్-ఎ సిరప్ పట్టించి ఊరుకుంటే, జబ్బు లోలోపల ముదురుతూనే ఉంటుంది.

2017 డిసెంబరులో అమెరికా అనుమతించిన లక్స్‌టర్నా అనే జన్యుచికిత్స మందు, హాని చేయని వైరస్‌ను వాహకంగా చేసుకుని సరైన జన్యువును రెటీనా కిందికి చేరుస్తుంది. అయితే ఈ జన్యులోపం పరీక్షలో రుజువై, రెటీనాలో సజీవ కణాలు తగినన్ని మిగిలినవారికే అది పనికివస్తుంది. కాబట్టి ఆలస్యంగా తేలిన జబ్బుకు ఈ మందు ఉన్నా లేనట్టే.

మేనమామకు, మేనకోడలికి జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడిగా ఉంటాయి గనుక, మేనరికం వాడుకలో ఉన్న రాయలసీమలో ఒకే లోపం ఇరువైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. ఇది ఏ కుటుంబాన్నీ నిందించడానికి కాదు, పరీక్ష ఎక్కడ ముందుగా అందాలో చెప్పడానికి.

రెండు కళ్లకు 8.5 లక్షల డాలర్ల ధర పలికిన మందు సామాన్యుడికి అందనప్పుడు పరీక్ష ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కాని ఈ కోవ జబ్బులకు కారణమయ్యే జన్యువులు 250కి పైగా ఉన్నాయి. ఏ జన్యువు చెడిందో తెలియనివారు రేపు చవకైన చికిత్స వచ్చినా, కొత్త మందుల ప్రయోగాలు మొదలైనా వాటిలో చేరలేరు. తర్వాతి కాన్పు విషయంలో సరైన సలహా దొరకాలన్నా ఆ వివరమే ఆధారం.

2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు పథకం బడిపిల్లల కళ్లను పరీక్షించవచ్చని చూపింది. అటువంటి పరీక్షల్లో చీకట్లో చూపు ఎలా ఉందో తప్పక అడగాలి. అనుమానమున్న పిల్లల రక్తనమూనాలను తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో సేకరించి హైదరాబాదులోని ప్రయోగశాలలకు ఉచితంగా పంపాలి. ఫలితాలను గోప్యంగా ఒక జాబితాలో భద్రపరచాలి. చనిపోయిన రెటీనా కణాలను ఈ మందు తిరిగి బతికించలేదు గనుక, ఈ ఏర్పాటుకు వచ్చే విద్యాసంవత్సరాన్ని మించి గడువు ఇవ్వరాదు.

— ఒక పాఠకుడు, తిరుపతి