గరాజ్‌లో చలి, జేబుకి చిల్లు

అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో ఉండే మనవాళ్ళు కొందరు గరాజ్‌లో చెక్కపనో, సైకిల్ రిపేరో పెట్టుకుంటారు. డిసెంబర్ రాగానే హీటర్ కొనడానికి పరిగెడతారు. నన్నడిగితే అది ఆఖరున చెయ్యాల్సిన పని. మెమరీ లీక్ అవుతుంటే ర్యామ్ పెంచుకుంటూ పోతామా?

ముందు తలుపు కింద రబ్బరు పట్టీ, పక్కల సీలు, తలుపుకి ఇన్సులేషన్ కిట్. హీటర్ సంగతి ఆ తర్వాత.

మామూలు 120 వోల్టుల ప్లగ్గుకి పెట్టేవాటిలో పెద్దవి దాదాపు అన్నీ 1500 వాట్లే. 40 డాలర్లదైనా, 200 డాలర్లదైనా ఇచ్చేది గంటకి 5100 బీటీయూల వేడే. సిరామిక్, క్వార్ట్జ్ అని పేర్లు మారతాయి గానీ ఫిజిక్స్ మారదు కదా! నాలుగు గంటలకి 6 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లనుకుంటే 90 సెంట్లు. గదంతా వేడి చెయ్యడం కన్నా మనిషికి ఎదురుగా పెట్టుకునే రేడియంట్ హీటర్ నయం. కాకపోతే రంపంపొట్టు, వార్నిష్ దాని దగ్గర ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ కార్డు అసలే వద్దు.

"ఊళ్ళో కుంపటి పెట్టుకుని చలి కాచుకోలేదా?" అని బొగ్గులూ, కిరోసిన్ హీటర్లూ వెలిగించేవాళ్ళతోనే నా పేచీ. ఊళ్ళో అది వాకిట్లో పెట్టేవాళ్ళండీ. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. చాలా ఇళ్ళల్లో పిల్లలు పడుకునేది గరాజ్ పైగదిలోనే. తలుపు తెరిస్తే వేడి పోతుంది, మూస్తే ప్రాణం పోతుంది. ఆ పొదుపు మనకెందుకు చెప్పండి?