బొచ్చుకుక్క నేర్పిన పాఠం

మా ఇంట్లో కుక్క అంటే కళ్ళం కాపలా కాసేది. రాత్రి పందులొస్తే మొరగాలి, పొద్దున్న ఇంత గంజన్నం తినాలి. గుమ్మం దాటి లోపలికొచ్చే హక్కు దానికి లేదు. తగరపువలస చుట్టుపక్కల ఏ రైతునడిగినా ఇదే చెబుతాడు. అలాంటి ఇంటికి రెండేళ్ళ కిందట మా మావయ్య ఒక పూడిల్‌ని తెచ్చి అప్పగించాడు. విశాఖలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ముచ్చటపడి కొన్నాడు. బెంగుళూరు బదిలీ అయ్యేసరికి అక్కడి ఇంటివాళ్ళు కుక్క వద్దన్నారట. "నాల్రోజులు ఉంచు బావా" అన్నాడు నాన్నతో. ఆ నాల్రోజులు ఇంకా పూర్తికాలేదు.

"ఏటిరా ఇది, గొర్రెపిల్లా?" అన్నాడు నాన్న. నేనూ నవ్వాను. మనుషులకే దిక్కులేని చోట కుక్కకి క్షౌరమేమిటని మిత్రుల ముందు ఉపన్యాసం కూడా దంచాను. ఈ వ్యాసం ఆ ఉపన్యాసానికి క్షమాపణ అనుకోండి.

దాన్ని మా కళ్ళం కుక్కలాగే వదిలేశాం. కొన్నాళ్ళకి చెవుల వెనకా, చంకల్లోనూ బొచ్చు చిక్కుపడి అట్టలు కట్టింది. అమ్మ జాలిపడి స్నానం చేయించింది. తడిసిన చిక్కు మరింత బిగుసుకుంది. దాని కింద పిడుదులు చేరాయి. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు తిండి మానేసి, రొప్పుతూ పడుకుండిపోయింది. పశువుల డాక్టరుగారు పరీక్షచేసి పిడుదుల వల్ల వచ్చిన జ్వరమన్నారు. బొచ్చు కత్తిరించి చూపిస్తే కింద చర్మం పచ్చిపుండు. నా నోట మాట రాలేదు. నెల్లాళ్ళు మందులు మింగించాం. బతికింది.

అప్పుడు గాని నా సైన్సు చదువు గుర్తు రాలేదు. మన ఊరకుక్క వెంట్రుక కొంత పెరిగి రాలిపోతుంది. పూడిల్ వెంట్రుక పెరుగుతూనే ఉంటుంది. రాలిన కాస్తా ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది. కుక్కల బొచ్చులో కనిపించే తేడాలు చాలావరకు మూడు జన్యువుల వల్లనేనని 2009లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వాటిలో ఒకటి ఈ ఉంగరాలకి కారణం. నీళ్ళలో పడ్డ బాతుల్ని పట్టితెచ్చే వేటకుక్కని ఏరి ఏరి చిన్నది చేసి, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది మనిషే. తన బొచ్చు తాను చూసుకోలేని స్థితి మనం తెచ్చిపెట్టిందే గనక, దువ్వెన పట్టే బాధ్యతా మనదే.

పైగా కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ నోటి తడిని ఆవిరిచేసి ఒళ్ళు చల్లార్చుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడం తగ్గుతుంది. భీమిలి సముద్రపు గాలి మనకి హాయి కావచ్చు, వేసవిలో దానికి మాత్రం పరీక్ష.

చెయ్యవలసింది బ్రహ్మవిద్య కాదు. రోజూ పది నిమిషాలు మొదళ్ళదాకా దువ్వాలి. చిక్కు తీశాకే స్నానం. నెలా నెలన్నరకోసారి కత్తిరింపు. ఎండాకాలం కదా అని నున్నగా గొరిగేస్తే చర్మానికి ఎండ తగులుతుంది. చెవులు తడి లేకుండా చూడాలి. షికారు పొద్దున్నా, చల్లబడ్డాకా. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషం. ఇది తెలిశాక అమ్మ ఉల్లిపాయల పులుసన్నం పెట్టడం మానేసింది.

నాన్న ఒక్క మాటలో తేల్చేశాడు: "జెర్సీ ఆవుని తెచ్చుకుని నాటావుకి చేసినట్టు చేస్తే పాలిస్తాదేటి? జాతిని తెచ్చుకున్నోడు సేవ కూడా తెచ్చుకోవాల."

నా అభిప్రాయమూ అదే. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధనలు చేసింది. మావయ్యకి అమ్మినవాడు వయసు చెప్పలేదు, టీకా కాగితం ఇవ్వలేదు. మావయ్య అడగనూ లేదు. ఫోటో చూసి ముచ్చటపడ్డవాడికి అడగాలని తోచదు. బొమ్మ పాతబడితే అటక మీద పెట్టొచ్చు. పదేళ్ళు పైబడి బతికే ప్రాణిని ఏ అటక మీద పెడతాం? అంత ఓపిక లేనివాళ్ళు మన ఎండకీ వానకీ అలవాటుపడ్డ నాటు కుక్కపిల్లని పెంచుకోవడం మేలు.

అయితే నాటుదానికీ టీకా తప్పదు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించి, ఆపైన డాక్టరు చెప్పినట్టు మళ్ళీ మళ్ళీ వేయించాలి. కుక్కకాటుకి చెప్పుదెబ్బ అన్నారు పెద్దలు. సైన్సు చెప్పేది పదిహేను నిమిషాలు సబ్బూ నీళ్ళతో కడగమని, వెంటనే ఆస్పత్రికి పొమ్మని. పూడిల్‌తోపాటు మా కళ్ళం కుక్కకీ టీకా వేయించాం. దాని జన్మలో అదే మొదటిది. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మొన్న మావయ్య ఫోన్ చేశాడు, ఇల్లు మారాను, కుక్కని పంపమని. నాన్న అరుగు మీద దాన్ని దువ్వుతున్నాడు. దువ్వడం ఆపకుండానే, "నీకు దువ్వడం వచ్చేటి?" అనడిగాడు. అటునుంచి జవాబు లేదు.

కొనబోయే మిత్రుల్ని నేనూ అదే అడుగుతున్నాను.