సమ్మతి యెవరి సొత్తు?

పోలీసు రాష్ట్రములది. రాజ్యాంగపు ఏడవ షెడ్యూలున రాష్ట్రజాబితాలోని రెండవ పద్దు చదివినవారి కీ విషయమున సందేహ ముండదు. ఒక ప్రాంతపు పోలీసులు వేఱొక రాష్ట్రమున అధికారము నెఱపవలెనన్నచో అచ్చటి ప్రభుత్వ సమ్మతి యావశ్యకమని కేంద్రజాబితాలోని 80వ పద్దును చెప్పుచున్నది. సీ.బీ.ఐ.కి ఆధారమైన 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు శాసనపు ఆఱవ సెక్షను సారాంశమును ఇదియే. యుద్ధకాలమున సరఫరాశాఖల లంచములను పట్టుటకై 1941లో పుట్టిన దళమున కీ సంస్థ వారసురాలు. ఇన్ని దశాబ్దములలో ఒక్క పార్లమెంటైనను దీనికి సొంత శాసనము చేసి యీయకపోవుట విడ్డూరమే!

కావున సమ్మతి నిచ్చుటయు, నిరాకరించుటయు రాష్ట్రముల హక్కు. ఆ హక్కును మేము కాదనుట లేదు. దానిని వాడుకొనుచున్న తీరే మాకు కంటగింపుగా నున్నది.

ఆంధ్రప్రదేశపు కథ చూడుడు. 2018 మార్చిలో కేంద్రమున నేలుచున్న కూటమితో తెగతెంపులు చేసికొనిన చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము ఆ నవంబరులోనే సమ్మతిని ఉపసంహరించుకొనెను. 2019 ఎన్నికలలో గెలిచిన జగన్మోహనరెడ్డిగారి ప్రభుత్వము జూనులోనే దానిని మరల నిచ్చెను. 2024లో అదే కూటమితో చేయి కలిపి అధికారమునకు వచ్చిన నాయుడుగారు, తాము మూసిన తలుపును తామే తెఱచిరి. రాష్ట్రోద్యోగుల జోలికి వచ్చునపుడు మాత్రము ముందుగా అనుమతి పొందవలెనని గడియ యొకటి మిగిల్చిరి. ఈ యాఱేండ్లలో సమ్మతిని గూర్చిన రాజ్యాంగ విధి మాఱలేదు. మాఱినవి పొత్తులు.

తెలంగాణపు తీరు మఱింత విచిత్రము. 2022 ఆగస్టు 30న సమ్మతిని రద్దుచేసిన ఉత్తరువు రెండు నెలలు ప్రజల కంటబడలేదు. శాసనసభ్యుల కొనుగోలు కేసు హైకోర్టున కెక్కినపుడు గాని అది బయటపడలేదు. మా పోలీసు మాది యని ఢిల్లీతో తగవు పడదలచిన ప్రభుత్వము, ఆ మాట తన ప్రజలకు చెప్పుట కేల జంకెను? పైగా ఆ రద్దు ఫలింపనైన లేదు. సమ్మతి లేకున్నను హైకోర్టులు దర్యాప్తును సీ.బీ.ఐ.కి ఒప్పగింపవచ్చునని సుప్రీంకోర్టు 2010లోనే తీర్పు చెప్పియుండెను. ఆ డిసెంబరులో హైకోర్టు అట్లే చేసెను. తరువాత గద్దె నెక్కినది ఢిల్లీలో సీ.బీ.ఐ.ని నిత్యము నిందించు పార్టీ. 2025 సెప్టెంబరులో కాళేశ్వరము వ్యవహారమునకు మాత్రము ఆ ప్రభుత్వము తలుపు తెఱచినది.

కేంద్రమువారు నిర్దోషులని యెవరైన భ్రమపడుదురేమో! ఈ సంస్థను పంజరములోని చిలుకతో 2013లో పోల్చినది సుప్రీంకోర్టే. నాడు ఢిల్లీ నేలినది వేఱొక పక్షము. పశ్చిమబంగాళము 2018లో సమ్మతి తీసివేసినను అచ్చట కేసులు నమోదగుచునే యుండెను. రాష్ట్రము దావా వేయగా, సీ.బీ.ఐ. మా చేతిలోనిది కాదు, మాపై దావా చెల్లదని కేంద్రము వాదించెను. సుప్రీంకోర్టు 2024 జూలై 10న ఆ వాదమును త్రోసిపుచ్చి దావా విచారణార్హమేయని నిర్ణయించెను. చిలుకను చేత బట్టుకొని, పంజరము మాది కాదనుట యెట్టి న్యాయము?

అయినను మా ముఖ్యమైన తగవు రాష్ట్రములతోనే. నేరదర్యాప్తును శాంతిభద్రతల విధులనుండి వేఱుపఱుపుడు, పోలీసు అధికారులను కారణము లేక నడుమ బదిలీ చేయకుడు అని 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించెను. ఏ ప్రభుత్వమైనను వానిని మనసార ఆచరించినదా? ఠాణాలో సబ్ఇన్‌స్పెక్టరుగా నెవరుండవలెనో శాసనసభ్యుని సిఫారసు తేల్చుచున్నంత కాలము, ఫిర్యాదుతో వచ్చిన రైతునకు ఢిల్లీ పోలీసైన నేమి, హైదరాబాదు పోలీసైన నేమి, అమరావతి పోలీసైన నేమి? తన యింటి పోలీసును మంత్రుల పట్టునుండి విడువని ప్రభుత్వము, రాష్ట్రపు హక్కు పేరిట కాపాడునది తన పక్షపు పెద్దలనే యని ప్రజలు శంకించుట తప్పు కాదు.

సమ్మతి నిచ్చినను, నిరాకరించినను కారణములతో కూడిన ఉత్తరువును ఆనాడే ప్రకటించి శాసనసభ ముందుంచవలెను. ఒక్కొక్క కేసునకై కోరిన సమ్మతిని నియమితమైన గడువులో తేల్చవలెను. దీనికి ఢిల్లీ యనుమతి యక్కఱలేదు. శాసనసభ తలచిన చాలును. రాబోవు సమావేశములలో ఉభయరాష్ట్రముల సభలయందును ఈ ప్రశ్న నడుగుటకు ఒక్క సభ్యుడైన లేచునా యని మేము వేచి చూచుచున్నాము.