ఆ 104 ఎవరిది?

శనివారం సాయంత్రం ఆఫీసు మూసేటప్పుడు షట్టరు దించుతాం, తాళం వేస్తాం, ఒకసారి లాగి చూస్తాం. లోపల గోడకు బిగించిన పెట్టె వైపు మాత్రం చూడం. పచ్చదీపాలతో రాత్రంతా మేలుకుని ఉండే ఆ పెట్టెకే మన ఆఫీసు ఫోన్లన్నీ తగిలించి ఉంటాయి. దొంగ దాంట్లోంచి రాగలిగితే ఇక షట్టరు జోలికి రానక్కర్లేదు.

నర్సింగ్ హోములు, స్కూళ్లు, ట్రావెల్స్ ఆఫీసులు, దుకాణాలు పాత ల్యాండ్‌లైన్లు వదిలి ఇంటర్నెట్ ఫోన్లకు మారుతున్నాయి. మారడంలో తప్పేమీ లేదు. ఖర్చు తగ్గుతుంది, ఒకే నంబరు మీద పదిమంది మాట్లాడవచ్చు. కానీ కొత్తదాన్ని కూడా పాత ఫోనులాగే చూస్తున్నాం. అది వట్టి తీగ, ఇది కంప్యూటరు. కంప్యూటరుకు పట్టే పీడలన్నీ దీనికీ పడతాయి.

ఈ ఫోన్లు సిప్ అనే పద్ధతిలో పనిచేస్తాయి. ఇంటర్నెట్‌లో దానికి మామూలుగా వాడే పోర్టు నంబరు 5060. దొంగ ప్రోగ్రాములు పగలూ రాత్రీ ఆ తలుపు తడుతూ తిరుగుతుంటాయి. లోపలి నుంచి పలుకు వినబడితే 100, 101, 102 అంటూ ఎక్స్‌టెన్షన్లను వరసగా గాలిస్తాయి. పాస్‌వర్డుగా అదే నంబరునో, 1234నో కొట్టి చూస్తాయి. ఒక్కటి తగిలితే చాలు, ఎక్కడో ఉన్న దొంగ ఫోను మీ ఆఫీసు ఫోనైపోతుంది. ఐఎస్‌డీ తెరిచి ఉంటే దూరదేశాల్లోని ఖరీదైన నంబర్లకు గంటల తరబడి కాల్స్ పోతాయి. ఆ నంబర్లు దొంగలు మాట్లాడి పెట్టుకున్నవే. ప్రతి నిమిషానికీ వాళ్లకు వాటా ముడుతుంది. సెలవు ముందు రాత్రి వాళ్లకు బాగా అనువు, తెల్లారాక కూడా చూసే మనిషి ఉండడు.

తెలిసినవారి ఆఫీసులో ఒక సోమవారం పొద్దున అలాంటి కాల్ రికార్డు నేనే చూశాను. శనివారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటా పన్నెండుకు ఒక కాల్, అదే నిమిషంలో మరొకటి, ఆ వెంటనే ఇంకొకటి. పేజీలు తిప్పినా అవే. అన్నీ 104 నుంచి పోయినవే. ఆ ఎక్స్‌టెన్షన్ ఆరు నెలల కిందట ఉద్యోగం మానేసిన అమ్మాయిది. టేబుల్ మీద ఫోను తీసేశారు, పెట్టెలో దాని పాస్‌వర్డు తీసేయలేదు. ఈ కాల్స్ మావి కావని యజమాని ఎంత మొత్తుకున్నా, మీ కనెక్షన్ నుంచే వెళ్లాయన్నారు ఫోన్ కంపెనీవాళ్లు. ఆయన సంతకం చేసిన ఒప్పందంలోనూ అదే ఉంది.

ఇది నిన్న పుట్టిన విద్య కాదు. 2006లో అమెరికాలో పట్టుబడ్డ ఇద్దరు, ఇతరుల నెట్‌వర్కుల గుండా కోటి నిమిషాలకు పైగా దొంగ కాల్స్ అమ్ముకున్నారు. తయారీదారు పెట్టి పంపిన పాస్‌వర్డును మార్చనివాళ్లే వాళ్లకు దారిచ్చారు. 2020లో చెక్ పాయింట్ పరిశోధకులు మరో ముఠా సంగతి బయటపెట్టారు. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని పట్టుకుని అది దాదాపు 1,200 సంస్థల మీద పడింది.

డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. రెండో ప్రమాదం ప్రాణాల మీదికే వస్తుంది. రాగితీగ ఫోనుకు దాదాపు 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఊరంతా చీకటైనా అది మోగేది. ఇప్పుడు మోడెం, రౌటరు, స్విచ్, పెట్టె, వీటిలో ఏ ఒక్కటి ఆరినా రిసీవరులో చప్పుడుండదు. కంప్యూటర్లకు యూపీఎస్ పెట్టి, మూలనున్న మోడెంను మరిచిపోతున్నాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన విశాఖవాసులకు ఆ నిశ్శబ్దం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

కరెంటు ఉన్నా సాయం అందని రోజు ఒకటి ఉంది. 2013 డిసెంబరులో టెక్సాస్‌లోని మార్షల్‌లో, ఒక హోటల్ గదిలో తల్లి మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు అక్కడి అత్యవసర నంబరు 911కు నాలుగుసార్లు చేసింది. కాల్ పోలేదు. ఆ ఫోనులో బయటి లైనుకు ముందు 9 నొక్కాలి, పసిపిల్లకు అదెలా తెలుస్తుంది? తల్లి బతకలేదు. ఆమె పేరుతోనే వచ్చిన చట్టం 2020 ఫిబ్రవరి 16 నుంచి అక్కడ అమల్లో ఉంది. కొత్తగా పెట్టే ఆఫీసు, హోటల్ ఫోన్లలో ముందు ఏ అంకె లేకుండానే 911 కలవాలి. అక్కడ వ్యాపారాలు చేస్తున్న మనవాళ్లు తప్పక సరిచూసుకోవాలి. ఇక్కడ మన ఆఫీసుల్లో బయటి లైనుకు సున్నా నొక్కడం అలవాటు. కంగారులో 108 నొక్కే ఆయాకు ఆ సున్నా గుర్తుంటుందా? ఖమ్మం బ్రాంచి కాల్ హైదరాబాద్ హెడ్డాఫీసు నంబరు మీద పోతే అంబులెన్సు ఎక్కడికి రావాలి?

అందుకే రేపటికి వాయిదా వేయకండి. ఫోన్లు బిగించిన టెక్నీషియన్‌ను ఈరోజే పిలిపించండి. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు పొడవైన కొత్త పాస్‌వర్డు పెట్టించండి. వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయించండి. ఐఎస్‌డీ అవసరం లేకపోతే మూయించండి, అవసరమైతే రోజుకింతని పరిమితి పెట్టించండి. 5060 లోకమంతటికీ తెరిచి ఉండకుండా, మీ సర్వీసు కంపెనీకి మాత్రమే పలికేలా చేయించండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించండి, మోడెంకు యూపీఎస్ తగిలించండి. 112, 108 నేరుగా కలుస్తాయా, కలిస్తే ఏ చిరునామా చూపిస్తాయన్నది కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జవాబొచ్చేదాకా రిసెప్షన్‌లో ఛార్జింగ్ ఉన్న మొబైల్ ఒకటి ఉంచండి. దొంగతనం ఇప్పటికే జరిగిపోతే ముందు ఐఎస్‌డీ తెగ్గొట్టించండి, కాల్ రికార్డు దాచుకోండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

అమ్మేవారికీ ఒక మాట. పాస్‌వర్డు మార్చకుండా పెట్టె అప్పగించి వెళ్లడమంటే పని సగంలో వదిలేయడమే. కొనేవాడు అడిగేదాకా ఐఎస్‌డీ మూసి ఉండాలి. అర్ధరాత్రి వందల కాల్స్ పోతుంటే కంపెనీయే ఆపి యజమానిని నిద్రలేపాలి. ప్రభుత్వం ఈ మూడింటినీ నిబంధనగా పెట్టాలి.

అంతదాకా కాపలా మనదే. మీ ఆఫీసు ఎక్స్‌టెన్షన్ల జాబితా ఇప్పుడే తెప్పించుకుని, ఒక్కో నంబరు పక్కన మనిషి పేరు రాయండి. పేరు రాయలేని నంబరు కనబడితే ఈ సాయంత్రం షట్టరు దించేలోగా దాన్ని తీసేయించండి.