పెట్టెమీద అంకె

మొన్న మా కాలేజీ హెడ్‌గుమాస్తాగారు నన్ను వరండాలో ఆపి, "మాస్టారూ, వచ్చే నెల మావాడి పుట్టినరోజు. పదేళ్ళు నిండుతాయి. టెలిస్కోపు కావాలని ఒకటే గొడవ. ఏది కొనమంటారు?" అని అడిగారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి పట్టుకుని ఇదేం ప్రశ్న అనుకోకండి. ఈ వ్యవహారంలో నేనొకసారి దెబ్బతిన్నానని కాలేజీ అంతటికీ తెలుసు.

నాలుగేళ్ళ కిందటి మాట. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పాఠంలో బొమ్మ చూసి, శనిగ్రహం చుట్టూ ఉన్న ఉంగరాన్ని కళ్ళారా చూడాలని పట్టుబట్టింది. "శనిని చూడ్డానికి ఎదురు డబ్బిస్తారట్రా ఎవరైనా!" అని మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ మాట వినకుండా బజారుకు వెళ్ళి ఓ పెట్టె తెచ్చాను. పెట్టెమీద అరచెయ్యంత అక్షరాలతో "525 రెట్లు" అని ఉంది. పక్కన రంగురంగుల శని. పక్క కొట్లో ఉన్నది వంద రెట్లే చూపిస్తుందిట. ఏది కొంటాం చెప్పండి?

ఆ రాత్రి మేడమీద పెట్టాం. దాని మూడు కాళ్ళూ గొడుగు ఊచల్లా ఉన్నాయి. మర ముట్టుకుంటే చాలు, శని పారిపోయేవాడు. గంటసేపు తంటాలు పడి, "కనిపించిందా అమ్మా?" అన్నాను.

"ఆఁ, కనిపించింది నాన్నా. ఉంగరం కూడా కనిపించింది."

నా సంతోషం ఇంతా అంతా కాదు. మర్నాడు స్టాఫురూములో అందరికీ చెప్పాను. అమ్మాయి మాత్రం మరో రెండు రాత్రులు మేడెక్కి, తరవాత పరీక్షలంది. టెలిస్కోపు అటకెక్కింది.

రెండు నెలల తరవాత మా ఫిజిక్సు లెక్చరరుగారు కాఫీకి వచ్చారు. గొప్పగా దించి చూపించాను. ఆయన కన్నుపెట్టి అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, మీరు ఇలా బిగిస్తే ఇందులో శని కాదుగదా, ఎదురింటి వాటర్ టాంకు కూడా కనబడదు" అన్నారు. నేను అమ్మాయివైపు చూశాను. అది గుమ్మం పట్టుకుని తలవంచుకుంది. "మీరు అంత డబ్బుపెట్టి కొన్నారు కదా నాన్నా, బాధపడతారని..." అంది.

ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు.

తరవాత ఆయన చెప్పింది ఇది. టెలిస్కోపు పని వెలుగును పోగుచెయ్యడం. ఎంత పోగుచేస్తుందన్నది దాని ప్రధాన అద్దం వెడల్పును బట్టి ఉంటుంది. అద్దం మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటి పెద్దది చేస్తే బొమ్మ పెరుగుతుంది గాని వివరం పెరగదు. మజ్జిగలో నీళ్ళు పోసినట్టు పలచబడుతుంది. మాది 60 మిల్లీమీటర్లది. అంటే ఎంత చేసినా 120 రెట్లు. మరి 525 ఎలా వచ్చింది? గొట్టం నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. దాన్ని కన్నుపెట్టే కటకం నాభ్యంతరంతో భాగించాలి. 4 మిల్లీమీటర్ల కటకం పెడితే 175. దానికి మూడురెట్లు పెంచే మరో గొట్టం తగిలిస్తే 525. లెక్క తప్పు కాదు. చూపే అబద్ధం. 1610లో గురుడి చుట్టూ నాలుగు చంద్రుల్ని కనిపెట్టిన గెలీలియో చేతిలో ఉన్నది సుమారు 20 రెట్లదే. పెట్టెమీది రంగుల బొమ్మలంటారా, అలాంటివి పెద్ద పెద్ద యంత్రాలు తీసినవి. నక్షత్రమైతే ఇంట్లో వాడే ఏ టెలిస్కోపులోనైనా చుక్కగానే ఉంటుంది. ఇది పిల్లలకు ముందే చెప్పాలి.

అంచేత గుమాస్తాగారికి నేనిచ్చిన సలహా: కొట్లో ముందు కాళ్ళను వేలితో తట్టి చూడండి. రెండు మూడు క్షణాల్లో వణుకు ఆగకపోతే తిరిగి చూడకుండా వచ్చెయ్యండి. డబ్బు తక్కువైతే 7×50 రకం బైనాక్యులర్సు కొనండి. కృత్తికలు అందులోనే అందంగా ఉంటాయి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే 114 లేక 130 మిల్లీమీటర్ల అద్దంతో, చెక్కపీటమీద తిరిగే డాబ్సన్ రకం మేలు. ఈ డాబ్సన్ వేదాంత మఠంలో 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్నవాడు. 1967లో మఠం వదిలి, టెలిస్కోపులు వీధిలో పెట్టి దారినపోయే వాళ్ళందరికీ చంద్రుణ్ణి చూపించాడు. ఖర్చు తగ్గాలనే ఆ చెక్కపీట.

మరొకటి, నవ్వులాట కాదు. కొన్ని పెట్టెల్లో సూర్యుణ్ణి చూడ్డానికని కటకానికి బిగించే నల్లబిళ్ళ ఉంటుంది. ఇంటికి రాగానే దాన్ని పగలగొట్టి పారెయ్యండి. వేడికి అది పగిలిందంటే ఆ క్షణంలోనే కన్ను పోతుంది. టెలిస్కోపును పొరపాటున కూడా సూర్యుడివైపు తిప్పనివ్వకండి.

మొదట చూపించవలసింది చంద్రుణ్ణి. కవులందరూ పున్నమి చంద్రుణ్ణే పొగిడారు గాని, టెలిస్కోపుకు పున్నమి దండగ, నీడలుండవు. సప్తమి, అష్టమి రోజుల్లో వెలుగూ చీకటీ కలిసే గీత పక్కన గుంటలూ కొండలూ చేత్తో తడిమినట్టు తెలుస్తాయి.

మా ఫిజిక్సాయన ఊరికే నవ్వి పోలేదు. 4 మిల్లీమీటర్ల కటకమూ, మూడురెట్ల గొట్టమూ తీసి నా జేబులో వేసి, 20 మిల్లీమీటర్ల కటకం పెట్టారు. 35 రెట్లు. సంచిలో నాలుగు ఇటుకలు పోసి కాళ్ళ మధ్య వేలాడదీశారు. అదే టెలిస్కోపు, అదే మేడ. ముందు అష్టమి చంద్రుడు. తరవాత శని.

అమ్మాయి చాలాసేపు కన్ను తియ్యలేదు. ఈసారి నేను కనిపించిందా అని అడగలేదు. అదే నా చెయ్యి పట్టుకుని లాగి, "మీరు చూడండి నాన్నా" అంది. ఆవగింజంత శని, దానిచుట్టూ ఉంగరం.

ఇంతలో మా అమ్మ, "మంచు పడుతోంది, దిగండర్రా!" అని కేకలేస్తూ తనే మెట్లెక్కి వచ్చింది. మనవరాలు బలవంతపెడితే ఒక కన్ను మూసి చూసింది.

"నల్లగా ఉంటాడనుకున్నాను సుమా!" అంది.