గాజులదిన్నెలో బోట్లు ఎవరి కోసం?

ఎమ్మిగనూరు, ఆదోని పక్క నలుగురు కూర్చుని ఈ ప్రాంతం వెనకబాటు గురించి మాట్లాడుకుంటే, మాటలు తిరిగి తిరిగి ఒక చోటికే వస్తాయి. గాజులదిన్నె ప్రాజెక్టులో బోట్లు తిప్పాలి. కట్ట కింద తోట వెయ్యాలి. రెండు రిసార్టులు రావాలి. ఆదివారం వస్తే కర్నూలు నుంచి, కుదిరితే హైదరాబాదు నుంచి జనం కార్లలో దిగాలి. మంత్రాలయం వచ్చే భక్తుల్లో కొందరిని ఇటు మళ్లించినా మన రాత మారిపోతుందట. చదువుకున్నవాళ్లదీ ఇదే మాట, వ్యాపారస్తులదీ ఇదే మాట, ఓట్లడగడానికి వచ్చేవాళ్లదీ ఇదే మాట. ఈ మాట నేను ఒప్పుకోను. జనం నీళ్లు చూడడానికి పోవాలి, ఇప్పుడు పోతున్నదానికి పదింతలు పోవాలి. అయితే విహారస్థలం చేస్తేనే చెరువు బాగుపడుతుందనడం తప్పు. మన పక్క అది ప్రమాదం కూడా.

మాది నందవరం. బనగానపల్లె దగ్గర చౌడేశ్వరమ్మ కొలువున్న నందవరం కాదు, ఎమ్మిగనూరు పక్కది. ఉత్తరాన తుంగభద్ర పారే మండలం. నది పక్కనే ఉంటే నీళ్లకేం కొదవ అని బయటివాళ్లు అనుకుంటారు. 2009 వరదలో నాగలదిన్నె వంతెనను ఊడ్చుకుపోయింది ఈ నదే. వేసవిలో ఇసుక మేటల మధ్య సన్నటి పాయగా మిగిలేదీ ఈ నదే. అందుకే ఈ పడమటి మండలాల బతుకు చాలావరకు తుంగభద్ర దిగువ కాలువ మీద నడుస్తోంది. మేమంతా ఎల్లెల్సీ అంటాం. కర్నూలు జిల్లాలో దాని కింద లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఉంది. దాన్నుంచే ఎస్సెస్ ట్యాంకులు, అంటే వేసవి నిల్వ చెరువులు, నింపుకుంటాం. ఆదోని పట్నం తాగేది బసలదొడ్డి ట్యాంకు నీళ్లు. ఇక గాజులదిన్నె హంద్రీ మీద కట్టిన జలాశయం. పెదపాడులో పుట్టి 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు దానికి. నాలుగున్నర టీఎంసీలకు కట్టిన ఆ ప్రాజెక్టు నిండడానికి హంద్రీ ఒక్కటే చాలదు, హంద్రీ–నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్లు కూడా కలవాలి. దాని కింద పొలాలున్నాయి, పల్లెల తాగునీటి పథకాలున్నాయి. ఎండలు ముదిరి కర్నూలుకు నీళ్లు కటకటైతే అందరూ చూసేది దాని వైపే.

అంటే అందులో ప్రతి అడుగు నీటికీ ముందే ఒక సొంతదారు ఉన్నాడు. ఈ సంగతి వదిలేసి బోట్ల గురించి మాట్లాడడం కుదరదు. సెలవులిచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. జనం విహారానికి బయల్దేరేదీ అప్పుడే. నీళ్లు తూముల గుండా బయటికి పోయి ఊళ్ల గొంతు తడపాల్సిందీ సరిగ్గా ఆ నెలల్లోనే. కోట్లు పెట్టి రిసార్టు కట్టినవాడు తన వరండా ముందు బురద కనిపిస్తే ఊరుకుంటాడా? మట్టం ఇంతకు తగ్గకూడదని ముందు విన్నపం చేసుకుంటాడు. తర్వాత ఆ విన్నపానికి పైనుంచి సిఫారసు తెచ్చుకుంటాడు. చివరి తూము కింది రైతుకు సిఫారసు చేసేవాడు ఎవడున్నాడు?

హైదరాబాదును చూసి నేర్చుకోండి అంటారు. సరే, చూద్దాం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు రెండు: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. వరదను ఆపడానికీ, నగరానికి నీళ్లివ్వడానికీ కట్టారు. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు పగ్గాలు వేస్తూ 1996లో జీవో 111 ఇచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 వచ్చింది. చెప్పిన కారణం ఒకటే: కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాయి కాబట్టి నగరం ఇప్పుడు ఈ రెండింటి మీద ఆధారపడి లేదు. గండిపేటకు, అంటే ఉస్మాన్ సాగర్‌కు, తరతరాలుగా పిక్నిక్కులకు పోతూనే ఉన్నారు. ఆ పిక్నిక్కులు జీవోను నిలబెట్టలేకపోయాయి. తాగేవాళ్లు ఉన్నంత కాలమే కాపలా నిలిచింది. తాగడం తగ్గాక నీటి చుట్టూ ఉన్న నేల స్థలం అయింది, స్థలానికి ధర వచ్చింది.

దుర్గం చెరువు సంగతీ చూడండి. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువది. 2020లో దాని మీద తీగల వంతెన వేశారు, రంగుల దీపాలు పెట్టారు. వంతెన మీద ఫొటో దిగనివాళ్లు లేరు. చెరువు పూర్తి మట్టం హద్దులో ఇళ్లున్నాయని 2024లో నోటీసులు అంటించాల్సి వచ్చింది. చూసే జనం పెరిగినంత మాత్రాన హద్దు నిలవలేదు.

బెంగళూరుతో మన సంబంధం ఇంకా దగ్గరిది. కోసిగి, పెద్దకడుబూరు పక్క నుంచి ఇళ్లకు తాళాలేసి సుగ్గికి, అంటే పనుల వలసకు, పోయేవాళ్లలో కొందరు గుంటూరు మిరప తోటలకు పోతే, కొందరు బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోతారు. అక్కడ మోసే ఇటుకల్లో చెరువు కనిపించే అపార్టుమెంట్లకు పోయేవీ ఉంటాయి. చెరువు కనిపిస్తే ఫ్లాటుకు ధర ఎక్కువ. బెళ్లందూరు చెరువు చుట్టూ అట్లాంటివి లేచాయి. వాటి మురుగు, నగరం మురుగు కలిసి 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో ఇంకోసారి ఆ చెరువు మీద మంటలు లేచాయి.

బోట్లు కావాలనేవాళ్ల వాదనలో కాస్త బలమున్న ముక్క ఒకటుంది. పదిమంది వస్తూ పోతూ ఉంటే అధికారులకు భయముంటుంది, నిర్వహణ బాగుంటుంది అంటారు. దీనికి జవాబు హొసపేటలో దొరుకుతుంది. హంపికి పోయిన మన పక్క కుటుంబం ఏదీ టీబీ డ్యాం, అంటే తుంగభద్ర డ్యాం, చూడకుండా తిరిగిరాదు. 1953లో పూర్తయిన ఆ డ్యాం గేట్లెత్తిన రోజుల్లో రోడ్డు పొడుగునా జనమే. ముప్పయి మూడు గేట్ల ముందు ఎన్ని వేల ఫొటోలు దిగామో లెక్కలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. మన కాలువ నీళ్లు, మన రెండో పంట ఆశ కళ్లముందే ఏటిపాలయ్యాయి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు దగ్గరుండి, వారం తిరిగేలోగా పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (నీటిని ఆపే అడ్డుపలకలు) దింపించారు కాబట్టి కొంతైనా దక్కింది. ఏడు పదుల ఏళ్లు ఎంతమంది చూసినా ఆ గొలుసు వయసెంత అని అడిగినవాళ్లు లేరు. 133 టీఎంసీలు పట్టిన డ్యాం పూడిక చేరి 105 చిల్లరకు దిగిందన్న సంగతి డ్యాం దగ్గరి తోటలో ఐస్‌క్రీం తిని వచ్చినవాళ్లలో ఎందరికి తెలుసు? వినోదానికి వచ్చినవాడి చూపు నీటి మీదే ఉంటుంది, గేటు దాకా పోదు. తప్పు వాళ్లది కాదు. అక్కడ వాళ్లకు చూపించినది అంతే.

ఉపాధి మాటకు వద్దాం. రిసార్టు వస్తే మన పిల్లలకు దొరికేది వాచ్‌మన్ పని, గదులు ఊడ్చే పని. వాటిని తక్కువ చెయ్యను, ఏ పనైనా పనే. కానీ చేపల మీద బతికేవాళ్ల వలలకు బోట్లు అడ్డమవుతాయి, వాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. సుగ్గి ఆగాలంటే కావాల్సింది మిరపకు, పత్తికి సమయానికి ఇంకొక్క తడి. ఎల్లెల్సీ మొదటి 250 కిలోమీటర్ల అజమాయిషీ తుంగభద్ర బోర్డుది. అంత దూరం తిరిగి వచ్చే నీళ్లలో ఎంత మన తూముకు చేరుతోంది, దారిలో ఎంత పోతోంది అన్నదే ఇక్కడి ఉపాధి లెక్క. ఆ తడి అందిన ఏడు ఇంటికి తాళం పడదు, పిల్లల పేర్లు బడి హాజరుపట్టీలో ఉంటాయి.

నీళ్లు చూడడానికి పోవడం మనకు కొత్త కాదు. చెరువు నిండి అలుగు పారితే ఊరు ఊరంతా కట్ట మీదికి పోయేది. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో గంగమ్మకు పూజ చేసేవాళ్లు. పెద్దవాళ్లు నీళ్ల వంక చూసి, దీంతో వరి ఒక కారు పండుతుంది, ఆపైన జొన్నకు రెండు తడులు అని అక్కడే తేల్చేవాళ్లు. పండగా లెక్కా ఒకే కట్ట మీద జరిగేవి. గాజులదిన్నె కట్ట మీద వేసవిలో ఒక పూట నిలబడండి. లోపలి వాలుకు పేర్చిన రాళ్ల మీద నీరు దిగిన మేర తెల్లటి చారలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. చార చారకూ మధ్య ఎడం చూస్తే నీళ్లు ఏ వారం ఎంత జోరుగా పోయాయో తెలుస్తుంది. ఇంకా కిందికి పోతే బీటలు వారిన ఒండ్రు, దాని మీద మేకల గిట్టల గుర్తులు. ఆ ఒండ్రు ఎంత మందాన పేరుకుంది, అది తీసి పొలాలకు తోలుకోవడానికి రైతుకు అనుమతి ఎవరివ్వాలి, తూము తలుపు కింద నుంచి కారే నీళ్లు ఎన్నాళ్లుగా కారుతున్నాయి: ఇవన్నీ అక్కడ నిలబడితే నోటికొచ్చే ప్రశ్నలు.

పిల్లలను తీసుకుపోండి. బడి విహారయాత్ర అంటే మైసూరు బృందావనమే కానక్కర్లేదు. ఆదోని పిల్లలు బసలదొడ్డి ట్యాంకు, నీళ్లు వడగట్టే ఇసుక పడకలు, క్లోరిన్ కలిపే చోటు చూసి రావచ్చు. ఖర్చుపెట్టాలనుకున్న డబ్బుంటే ముందు మెట్లకు, ఇనుప గొలుసులకు పెట్టండి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి వచ్చే భక్తులు స్నానానికి ఎల్లెల్సీలోకే దిగుతారు. పారే కాలువలో కాలు జారితే పట్టుకోవడానికి గొలుసు ఉండాలి.

రెండూ చేసుకోవచ్చు కదా, బోటూ ఉంటుంది, లెక్కా ఉంటుంది అని సర్దిచెప్పేవాళ్లున్నారు. రెండింటికీ వచ్చే డబ్బు ఒకటే, వాడే మట్టం ఒకటే. ఏది ముందో తేలాల్సిందే. 1997 చట్టం ప్రకారం ఏర్పడ్డ నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్లు మన ఊళ్లవాళ్లే, వాళ్లనే అడుగుదాం. కాపలా కాసే లస్కర్లు లేని తూములు ఎన్ని ఉన్నాయో చెప్పమందాం. గాజులదిన్నె మట్టం ప్రతి సోమవారం పక్కనున్న గోనెగండ్లలో, బసలదొడ్డిలో ఎన్ని రోజుల నీళ్లున్నాయో ఆదోని బస్టాండులో, తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసి పెట్టించమందాం. ఆ బోర్డులు నిలబడి ఒక వేసవి గడిచాక, నీళ్లు మిగిలితే, బోటు టెండరు గురించి మాట్లాడదాం.