మసక గెలాక్సీల ఇరుగుపొరుగు

రామన్నపేట నల్లగొండ మెట్ట ప్రాంతపు ఊరు. అమావాస్య రాత్రి ఆ ప్రాంతంలోని ఏ గుట్టనైనా ఎక్కి చూచినవారికి నేల కనబడదు. దీపాలు మాత్రమే గుంపులు గుంపులుగా కనబడతాయి. ఆ గుంపుల వెనుక చెరువులున్నాయని తెల్లవారితే గాని తెలియదు. ఊళ్లు నీటిని ఆశ్రయించి వెలిసినట్లే గెలాక్సీలు కృష్ణ పదార్థాన్ని ఆశ్రయించి వెలిశాయి. తేడా ఒక్కటే: అక్కడ తెల్లవారదు.

కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాన్ని లెక్కించి, కంటికి కనబడే ద్రవ్యరాశి వాటిని పట్టి ఉంచడానికి చాలదని 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ గుర్తించాడు. ప్రతి గెలాక్సీ చుట్టూ కృష్ణ పదార్థపు పరివేషం ఉంటుందని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చంద్రుని చుట్టూ కట్టే వరదగుడి వెలుగుతో ఏర్పడుతుంది. ఈ పరివేషానికి వెలుగే లేదు. నిజానికి కృష్ణ పదార్థమనే పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. నల్లని వస్తువు వెలుగును మింగుతుంది. ఇది మింగదు, అడ్డుకోదు. అదృశ్య పదార్థమనడమే సమంజసం.

వెలుగు తక్కువైన గెలాక్సీలను చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 2015లో కెమెరా కటకాలను కూర్చి చేసిన డ్రాగన్‌ఫ్లై దూరదర్శిని కోమా గుచ్ఛంలో అటువంటివి 47 కనుగొన్నది. పరిమాణంలో అవి మన పాలపుంతకు దీటు. నక్షత్రాలు మాత్రం నూరో వంతు, అంతకన్న తక్కువ.

2025లో చైనా శాస్త్రజ్ఞులు స్లోన్ సర్వే సమాచారం ఆధారంగా, ఏ పెద్ద గెలాక్సీకీ ఉపగ్రహాలు కాని మరుగుజ్జు గెలాక్సీలను పరిశీలించారు. బరువైన పరివేషాలు దట్టంగా గుమిగూడటం, తేలికైనవి పలుచగా చెదరి ఉండటం సాధారణ నియమం. ఆ లెక్కన మరుగుజ్జులన్నీ చెదరి ఉండాలి. కానీ వాటిలో పలుచగా విస్తరించినవి, బిగువుగా ఉన్నవాటికన్న ఎంతో దట్టంగా గుమిగూడినట్లు తేలింది. ఇందుకు పరివేషం బరువు కాక, వయస్సు కారణమని వారి వాదం. తొలినాళ్లలో ఏర్పడిన చిన్న పరివేషాలు ఒకే వాగు మీది గొలుసుకట్టు చెరువుల వలె దగ్గర దగ్గరగా ఉంటాయని 2005 నాటి కంప్యూటర్ గణనలే చూపాయి.

ఇక్కడే చిక్కు వచ్చింది. పాత పరివేషాల నడిమి భాగం సాంద్రంగా ఉంటుంది. అందులోని గెలాక్సీ బిగువుగా ఉండాలి గదా! అదృశ్య కణాలు తమలో తాము ఢీకొంటూ ఆ నడిమి భాగాన్ని వదులు చేస్తాయని, పాతవాటిలో ఇది ఎక్కువ కాలం సాగుతుందని పరిశోధకులు సూచించారు. ఊహ అందమైనదే, కానీ దానికి పట్టం కట్టడానికి ఇంకా వేళ కాలేదు. పేలిన నక్షత్రాలు వాయువును వెలికి నెట్టడం వల్ల కూడా చిన్న గెలాక్సీలు వదులు కాగలవు. ఒంటరి గెలాక్సీని చూచి చెప్పే కథ ఎన్ని విధాలుగానైనా అతుకుతుంది. దాని ఇరుగుపొరుగుకు కూడా సమాధానం చెప్పగల సిద్ధాంతమే నిలుస్తుంది. అందువల్ల ముందు కావలసినది మరింత విస్తృతమైన లెక్క.

ఆకాశాన్ని ఓపికగా లెక్కించడం తెలుగునాటికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో వెలసిన నిజామియా వేధశాల అంతర్జాతీయ పట్టిక కోసం ఏడు లక్షలకు పైబడిన నక్షత్రాల స్థానాలను కొలిచింది. 1968లో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొన్నది. నగరపు వెలుగు పెరిగేకొద్దీ ముందుగా కనుమరుగయ్యేవి ఈ మసక గెలాక్సీలే. అయితే స్లోన్ సర్వే సమాచారం నేడు ఉచితంగా లభిస్తున్నది. జూనియర్ కళాశాల కంప్యూటరు మీద కూడా దానిని తెరిచి లెక్క మొదలుపెట్టవచ్చు.